బతికి పుట్టిన బిడ్డ – దారి లేని తల్లి: గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని మన్యం నుంచి చదవడం

గర్భవిచ్ఛిత్తి చేశాక బిడ్డ ప్రాణంతో బయటపడితే ఏం చెయ్యాలి? 1971 నాటి మన గర్భవిచ్ఛిత్తి చట్టంలో ఈ ప్రశ్నకు సూటి జవాబు లేదు. 2021లో సవరించినప్పుడు కూడా రాయలేదు. జవాబు చెప్పింది కోర్టు. 2019 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు, అట్లా పుట్టిన బిడ్డకు అందుబాటులో ఉన్న మేలైన వైద్యం చేసే బాధ్యత ఆ డాక్టరుదీ ఆ ఆసుపత్రిదీ అన్నది. తల్లిదండ్రులు సాకలేకపోతే, సాకడానికి ఇష్టపడకపోతే, ఆ బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలన్నది. మాట మంచిదే. దాన్ని మేం కాదనడం లేదు. అయితే ఈ మాట ఏ ఆసుపత్రిని, ఏ ప్రభుత్వాన్ని ఊహించుకుని రాసింది? అరకు, పాడేరు, ముంచంగిపుట్టు కొండల మీద నిలబడి చదివితే ఈ మాటకు అర్థం ఏమవుతుంది? మా ప్రశ్న ఇదీ.

మేం మైదానం నుంచి రాస్తున్నవాళ్లం. కొండదొర, భగత, కోదు, పోర్జ, గదబ స్త్రీల తరఫున మాట్లాడే హక్కు మాకున్నదని అనుకోవడం లేదు. కానీ చట్టం ఎవరిని మనిషిగా లెక్కగట్టి రాస్తారో, ఎవరిని లెక్కలో వదిలేస్తారో దళితులకు అనుభవం నేర్పింది. ఆ అనుభవంతోనే ఈ చట్టాన్ని చదువుతున్నాం.

మొదట ఒక విషయం తేల్చుకోవాలి. పన్నెండు వారాల లోపు కడుపు తీయించుకుంటే బిడ్డ బతికి పుట్టడమనే సమస్యే తలెత్తదు. నెలలు గడిచాక, పిండం బయట ఊపిరి తీసుకోగలిగే దశకు దగ్గరపడ్డాకనే వస్తుంది. అంటే ఇది ఆలస్యం కన్న ప్రశ్న. మరి ఆ ఆలస్యాన్ని కన్నది ఎవరు?

1971 చట్టం పుట్టుకే స్త్రీ ఇష్టం కోసం కాదు. 1964లో వేసిన శాంతిలాల్ షా కమిటీ 1966లో ఇచ్చిన నివేదిక మీద అది నిలబడింది. ఆ రోజుల్లో పాలకులకు పట్టింది జనాభా లెక్క. అందుకే గర్భనిరోధం విఫలమైందని చెప్పుకునే వీలు పెళ్లయిన స్త్రీకే ఇచ్చారు. 2021 సవరణలో ‘భర్త’ పోయి ‘భాగస్వామి’ వచ్చాడు. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు, ఇరవై నాలుగు వారాల దాకా ఇద్దరు డాక్టర్లు నిర్ణయిస్తారు. ఆ పైన పిండంలో తీవ్రమైన లోపం ఉన్నదని మెడికల్ బోర్డు చెప్పాలి. తల్లి ప్రాణం కాపాడాల్సి వస్తే మాత్రం ఈ వారాల లెక్క లేదు.

ఇరవై నాలుగు వారాల దాకా వెళ్లగలిగే స్త్రీలు ఎవరో 2021 నిబంధనల్లో జాబితా వేశారు. అత్యాచారానికి గురైనవారు, మైనర్లు, గర్భంతో ఉండగా వితంతువైనవారు, విడాకులైనవారు, వికలాంగులు, విపత్తుల్లో చిక్కినవారు ఆ జాబితాలో ఉన్నారు. వరదొస్తే విపత్తు. మరి ఏడాది పొడుగునా రోడ్డు లేకపోతే? గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్లు మన్యంలో ఇంకా ఉన్నాయి. బైక్ అంబులెన్సులు పెట్టారు, మంచిదే, కానీ గెడ్డ పొంగిన రోజు బైకు కూడా ఆగిపోతుంది. ఆ దూరం చట్టంలో ఏ గడిలోనూ లేదు. కొండ అనేది చట్టానికి తెలిసిన కారణం కాదు.

పిండంలో లోపం తెలియాలంటే టిఫా స్కాన్ తియ్యాలి. అది పద్దెనిమిది నుంచి ఇరవై వారాల మధ్య తీస్తారు. అరకు నుంచి విశాఖకు వంద కిలోమీటర్లకు పైనే. ఒక రోజు కూలి, బస్సు చార్జీ, తోడు వచ్చే మనిషి, ఇంటి దగ్గర చంటిబిడ్డ, ఇవన్నీ చూసుకుని వెళ్లేసరికి వారాలు కరిగిపోతాయి. చట్టం వారాలు లెక్కపెడుతుంది, ఆమె సంత రోజులు లెక్కపెడుతుంది.

దీనికి పోక్సో భయం తోడు. 2012 నాటి ఆ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల గర్భంతో వస్తే డాక్టరు పోలీసులకు చెప్పాలి. చిన్న వయసులో కాపురం పెట్టిన పిల్ల, మొగుణ్ణి జైల్లో పెడతారని ఆసుపత్రి గడప తొక్కదు. మైనరు కోరితే ఆ సమాచారంలో పేరు బయటపెట్టనక్కర లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. ఆ మాట కోదు భాషలోనో ఆదివాసీ ఒరియాలోనో ఆ పిల్లకు చెప్పేది ఎవరు?

2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసు చూడండి. ఇద్దరు బిడ్డల తల్లి, ఇరవై ఏడేళ్ల స్త్రీ. పాలిస్తుండగా నెలసరి రాక, గర్భం సంగతి ఆలస్యంగా తెలిసింది. అప్పటికి ఇరవై ఆరు వారాలు. మొదట అనుమతి వచ్చింది. బిడ్డ బతికే అవకాశం ఉన్నదని, గుండె ఆపాలా వద్దా చెప్పమని ఎయిమ్స్ డాక్టరు అడిగాక ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాటన్నారు. అక్టోబరు 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అనుమతి నిరాకరించింది. కాన్పు ఖర్చు ప్రభుత్వానిదే అన్నది. దీనికి భిన్నంగా తెలంగాణ హైకోర్టు 2021 అక్టోబరులో, అత్యాచారానికి గురైన పదహారేళ్ల బాలికకు ఇరవై ఆరు వారాల గర్భాన్ని తీసివేయడానికి ఒప్పుకున్నది. ఒకే ఇరవై ఆరు వారాలు, రెండు జవాబులు. కారణాలు వేరు కావచ్చు. కానీ రెండు చోట్లా స్త్రీ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. పాలిస్తూ గర్భం తెలియని తల్లులు కొండల్లోనూ ఉంటారు. వాళ్లలో ఎంతమంది అమరావతి హైకోర్టు దాకా పోగలరు?

ఇక బిడ్డ సంగతి. ఇరవై ఆరు వారాలకు పుట్టిన బిడ్డకు వెచ్చదనం ఒక్కటే చాలదు. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి మందు కావాలి, శ్వాసయంత్రం కావాలి, రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే నర్సు కావాలి. ప్రభుత్వ పద్ధతిలో పిహెచ్‌సిలో ఉండేది నవజాత శిశువు కోసం ఒక మూల మాత్రమే. ప్రత్యేక యూనిట్ జిల్లా ఆసుపత్రి స్థాయిలో ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది 2022లో. పాడేరు వైద్య కళాశాల మొదలైంది 2024లో. ‘అందుబాటులో ఉన్న మేలైన వైద్యం’ అని కోర్టు అన్నప్పుడు ఆ ‘అందుబాటు’ అనే మాట విశాఖలో ఒక అర్థం, పెదబయలులో ఇంకో అర్థం ఇస్తుంది. బాధ్యత కాగితం మీద సమానం, ఊపిరి మాత్రం సమానం కాదు.

వైద్యం చేరని చోటికి శిక్ష తేలిగ్గానే చేరుతుంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో బిడ్డ బతికి పుట్టకుండా చెయ్యడం 91వ సెక్షన్ కింద నేరం, పుట్టుక దాచడం 94 కింద నేరం. గర్భం పోగొట్టుకున్న స్త్రీ కూడా 88 కింద నిందితురాలు కావచ్చు. ఇంట్లోనే నెలలు నిండని బిడ్డ పుట్టి, ఏడ్చి, చనిపోతే, ఆ తల్లి ఏ సెక్షన్‌కు జవాబు చెప్పాలి? అమెరికాలో 2023లోనూ 2025లోనూ ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లులు డాక్టరును జైలుకు పంపడం గురించి మాట్లాడాయి. 2025 జనవరిలో సెనేట్‌లో అది ముందుకు సాగలేదు. అక్కడి బిల్లులో తల్లిని శిక్షించకూడదన్న మాటైనా ఉన్నది. మన సంహితలో అదీ లేదు. శిశువు పేరు చెప్పి స్త్రీని దోషిగా నిలబెట్టే పద్ధతిని మనం దిగుమతి చేసుకోనక్కర లేదు.

మనలోనూ కొందరు మిత్రులు ఇది చదువుకున్న అగ్రకుల స్త్రీల సమస్య, మనకెందుకు అంటారు. మేం ఒప్పుకోం. డబ్బున్న స్త్రీ ఎనిమిదో వారంలోనే ప్రైవేటు నర్సింగ్‌హోంలో మాత్రలతో పని ముగించుకుంటుంది. చట్టంలో ఆఖరి వారం దాకా, ఆఖరి మెట్టు దాకా నెట్టబడేది మనవాళ్లే. బతికి పుట్టిన బిడ్డకు వైద్యం లేక చచ్చిపోయేదీ మనవాళ్ల చేతుల్లోనే.

కాబట్టి బిడ్డా తల్లీ అని పోటీ పెట్టే వాదంలో మేం ఏ పక్కా నిలబడం. పిహెచ్‌సిలోనే తొలి వారాల్లో, భయపెట్టకుండా, ఆమె భాషలో గర్భవిచ్ఛిత్తి సేవ అందాలి. రోడ్డు లేకపోవడాన్ని నిబంధనల్లో ఒక కారణంగా చేర్చాలి. మెడికల్ బోర్డు పాడేరుకు రావాలి. నెలలు నిండని బిడ్డను బతికించే యూనిట్ కొండ మీదే ఉండాలి, అది ఏ కారణంతో పుట్టిన బిడ్డయినా సరే. ఇవి చేశాక చట్టం నీతులు చెప్పొచ్చు. అప్పటిదాకా డోలీ మోసే భుజాలు అడిగే ప్రశ్నకు చట్టం బాకీ పడే ఉంటుంది.