అడుగున ఆ రెండు లైన్లు

మేడమీద అద్దెకున్న కుర్రాడు ఎమ్మెస్ చదవడానికి గ్లాస్గో వెళ్తున్నాడు. ఈ వారమంతా వాడి లాప్‌టాప్ నిండా స్కాట్లాండ్ వాళ్ల కబుర్లే. కబుర్లకేంగానీ, వాటి అడుగున ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతుంటే నాకు ఒళ్లు మండింది. "వింటున్నావా, చదువుతున్నావా?" అన్నాను. "రెండూ, అంకుల్" అన్నాడు.

నాది రేడియో పిచ్చి. కంటికి పని చెబితే చెవి సెలవు పెట్టేస్తుందని అందరినీ ఎన్నోసార్లు విసిగించాను. దానికి నా సాక్ష్యం దూరదర్శన్. ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషల సినిమాలు వేసేవాళ్లు. అడూర్ గోపాలకృష్ణన్, అరవిందన్‌ల మలయాళ సినిమాలు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూశాను. కథలు గుర్తున్నాయి, క్లైమాక్సులో కరెంటు పోయిన రోజులూ గుర్తున్నాయి. మలయాళం మాత్రం ఒక్క ముక్క అంటలేదు.

కుర్రాడి పద్ధతి వేరు. ఒకసారి అక్షరాలతో చూస్తాడు. పది సెకన్లు వెనక్కి జరిపి, తెర అడుగున అట్టముక్క అడ్డం పెట్టి మళ్లీ వింటాడు. వాళ్లు 'వాటర్'లో ట మింగేసి 'వా-అర్' అంటారు. మొదట నాకది దగ్గులా వినిపించింది. అక్షరాలు చూశాక మంచినీళ్లయింది.

మిట్టరర్, మెక్వీన్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో నెదర్లాండ్స్ విద్యార్థులకు స్కాట్లాండ్, ఆస్ట్రేలియా యాసల వీడియోలు చూపించారు. ఇంగ్లీషు అక్షరాలతో చూసినవాళ్లు తర్వాత అదే యాసలో కొత్త మాటలనూ బాగా పట్టుకున్నారు. డచ్చి అనువాదం చదువుతూ చూసినవాళ్లు, ఏ అక్షరాలూ లేకుండా చూసినవాళ్ల కన్నా ఆ కొత్త మాటల దగ్గర వెనకబడ్డారు. అంటే చెవిని నిద్రపుచ్చేది అక్షరం కాదు, అనువాదం. దూరదర్శన్ 'చిత్రహార్' కార్యక్రమంలో హిందీ పాటల కింద హిందీ అక్షరాలే వేయించిన బ్రిజ్ కొఠారీకి ఆ ఆలోచన వచ్చింది కూడా అమెరికాలో స్పానిష్ సినిమా చూస్తున్నప్పుడే. ఇంగ్లీషుకు బదులు స్పానిష్‌లోనే సబ్‌టైటిల్స్ ఉంటే బాగుండునని అనుకున్నారట.

సరే, రేడియో కట్టేశాను. కానీ నాకు మలయాళం లిపి రాదే! అక్షరాలు వేసినా జిలేబీలే కదా.

తమిళ గాయకులు ఈ చిక్కు ఎప్పుడో విప్పుకున్నారు. త్యాగరాజ కృతులు వాళ్లకు తమిళ లిపిలో దొరుకుతాయి. క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్కడ ఒకటే అక్షరం, అందుకని కొన్ని పుస్తకాల్లో దాని మీద 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. ఆ అంకెలు చూసే గకారం దగ్గర గొంతు సరిచేసుకుంటారు. మనం మాత్రం? సంస్కృత స్తోత్రాలన్నీ తెలుగు లిపిలోనే నేర్చామా లేదా?

కాబట్టి ఓటీటీ వాళ్లను నేనడిగేది అనువాదం కాదు, డబ్బింగ్ అసలే కాదు. మలయాళం మాటలనే తెలుగు అక్షరాల్లో వేయండి. ఆలప్పుళ అనే ఊరి పేరు చివర మలయాళీలు నాలుక మడిచి పలికే ధ్వనికి మన లిపిలో అక్షరం లేదంటారా? పాత శాసనాల్లో ఉండేది, బయటికి తీయండి. ఫాంటు లేదంటే, తమిళ పుస్తకాల లాగే పక్కన ఓ అంకె వేసినా సరే.