కడ్డీ కదిలించిన చెయ్యి

గీజర్ లోపల కంటికి కనిపించని త్యాగం ఒకటి జరుగుతూ ఉంటుంది. ఉక్కు ట్యాంకును తుప్పు తినకుండా మెగ్నీషియం కడ్డీ తానే ముందు కరిగిపోతుంది. దాన్నే యానోడ్ రాడ్ అంటారు. ఓడల అడుగున ఉండే రాగి రేకులను ఇనుము, జింకు ముక్కలతో కాపాడవచ్చని 1824లో శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ చెప్పిన సూత్రమే ఇది.

హైదరాబాద్‌లో మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అందుకే మా గీజర్ కడ్డీ మర దగ్గర పట్టేసింది. మొన్న వచ్చిన మెకానిక్ కరెంటు తీసి, నీళ్లు ఖాళీ చేసి, మర మీద తుప్పు వదిలించే నూనె వేశాడు. "తొందరపడితే విరుగుద్ది సార్, కాసేపు నాననిద్దాం" అన్నాడు. తర్వాత చిన్న సుత్తితో చుట్టూ తట్టాడు. విప్పే ముందు వెంట్రుకవాసి బిగించాడు. కిర్రుమన్నాక వెనక్కి తిప్పాడు. అగరుబత్తి పుల్లంత సన్నబడి, సున్నం పొక్కులతో కడ్డీ బయటికొచ్చింది. ట్యాంకు మాత్రం చెక్కుచెదరలేదు.

కొత్త కడ్డీ, కొత్త వాషర్ బిగించి, ట్యాంకు నిండాకే స్విచ్ వేశాడు.

బలం ఎవరి చేతిలోనైనా ఉంటుంది. లోహం మాట వినేదాకా ఆగే ఓర్పు ఏళ్ల తరబడి పనిచేసిన చేతికే అబ్బుతుంది. ఆ చేతికి నా నమస్కారం.