సావిత్రి, యశోద, రోహిణి: తెలుగు సినిమాలో అద్దెగర్భానికి చెప్పిన కారణాలు

పరుల బిడ్డను ఒక స్త్రీ తన కడుపున ఎందుకు మోస్తుంది? ఈ ప్రశ్నకు తెలుగు సినిమా చెప్పిన సమాధానాలు దాదాపు ఒకే తీరున ఉన్నాయి. క్రాంతికుమార్ ‘9 నెలలు’ (2001)లో కారణం ప్రమాదంలో గాయపడిన భర్త వైద్యం. సింగీతం శ్రీనివాసరావు ‘వెల్‌కమ్ ఒబామా’ (2013)లో ఒక చిన్నారి చికిత్స. హరి-హరీష్‌ల ‘యశోద’ (2022)లో కథారంభాన చెప్పే కారణం చెల్లెలి ఆపరేషన్. మూడింటా ఆస్పత్రి ఖర్చే. తన కోసం డబ్బు ఆశించే స్త్రీ వీటిలో నాయిక కాలేదు.

పాత్రల పేర్లు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తాయి. ‘9 నెలలు’ నాయిక సావిత్రి. యముని నుండి పతిప్రాణాలు తెచ్చుకున్న పురాణ స్త్రీ పేరు పెట్టగానే ఆమె తీసుకునే సొమ్ము కూలి కాకుండా వ్రతఫలమవుతుంది. అయినా ఆమె శీలపరీక్ష తప్పించుకోలేదు. తక్కిన రెండు చిత్రాల్లోనూ నాయిక యశోదే. భాగవతంలో కన్నది దేవకి, సాకింది యశోద. మోసి ఇచ్చేయవలసిన స్త్రీకి సాకిన తల్లి పేరు పెట్టడం విడ్డూరమే. ‘వెల్‌కమ్ ఒబామా’లో ఆమె బిడ్డను పెంచుతుంది కనుక అక్కడ పేరు కొంత నప్పింది. నిజానికి పరుల పిండాన్ని మోసినది రోహిణి. దేవకి గర్భాన్ని యోగమాయ ఆమె కడుపులోకి చేర్చగా బలరాముడు పుట్టాడు. ఒంటిమిట్టతో పోతన పేరును ముడిపెట్టే సంప్రదాయం ఉన్న కడప సీమలో ఈ కథ తెలియనివారు అరుదు (పోతన జన్మస్థల వివాదం ఇక్కడ అప్రస్తుతం). అయినా ఈ మూడు చిత్రాల్లో ఏ నాయికా రోహిణి కాలేదు.

సినిమాలో ఆపద హఠాత్తుగా వస్తుంది. కర్నూలు, కడప మెట్టప్రాంతాల్లో అప్పు హఠాత్తుగా రాదు. ఎండిన బోరుతో, చేతికి రాని వేరుశనగతో ఏటేటా పెరుగుతుంది. కోసిగి, ఆదోని ప్రాంతాల ఆడవాళ్ళు ‘సుగ్గికి’ గుంటూరు వైపు వెళ్ళి మిరపకోతలో చేసే శ్రమకు రోజుకింత అని లెక్క ఉంటుంది. అదే దేహం తొమ్మిది నెలలు చేసే శ్రమకు ‘అద్దె’ అన్న మాట వాడుతున్నాం. సీమ రైతుకు గుత్త, కోరు తెలుసు. ఈ మాటలన్నీ నేలకో, ఇంటికో చెల్లేవి. చాకిరీకి చెల్లేవి కావు. ‘అద్దెగర్భం’ అనే సమాసంలో గర్భం ఇల్లయింది, మనిషి కనుమరుగైంది. కరవు కథలో రైతు అప్పుకు మూలమేమిటో వెదికిన సీమ సాహిత్య విమర్శ ఈ మాటను కూడా అలాగే పరీక్షించవలసి ఉంది.

సరోగసీ నియంత్రణ చట్టం 2021లో వచ్చి, 2022 జనవరి 25 నుండి అమలైంది. దాని ప్రకారం మోసే స్త్రీ వివాహిత అయి, సొంత బిడ్డ కలిగి, 25-35 ఏళ్ళ మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే మోయాలి. వైద్యఖర్చులు, 36 నెలల బీమా వంటివి తప్ప ప్రతిఫలం నిషిద్ధం. సినిమా కల్పించిన త్యాగమూర్తినే చట్టం కూడా కోరుతున్నదన్నమాట. దళారుల దోపిడీని అరికట్టాలన్న ఉద్దేశం సమంజసమే. అయితే డబ్బు తప్పుకున్న చోట బంధుత్వం నిలుస్తుంది. ‘గొడ్రాలు’ అనే మాట పడలేక కుమిలే అక్క కోసం చెల్లెలిని రెండో భార్యగా ఇచ్చిన ఇళ్ళు సీమకు కొత్త కావు. ఇప్పుడు ఆ చెల్లెలినో, తోడికోడలినో ‘నువ్వు మోసిపెట్టమ్మా’ అని ఇంటి పెద్దలు అడిగితే, ఆమె పలికే ‘సరే’ను పరోపకారమని చట్టం నమోదు చేస్తుంది. ఆమె కాదనగలిగిన స్థితిలో ఉందా అన్నది ఆ ఇంటివాళ్ళకే తెలుసు. దేవకి గర్భాన్ని మార్చమన్న ఆజ్ఞ యోగమాయకు అందింది. రోహిణిని అడిగినట్లు ఆ కథలో ఎక్కడా లేదు.