సైనిక ట్రైలర్ నుంచి విడిది బండి

అవసరం తీరిన వాహనాలనూ సామగ్రినీ పౌరులకు అమ్మివేయడం అమెరికా సైన్యానికి రెండవ ప్రపంచయుద్ధ కాలం నుంచి అలవాటైన పద్ధతి. అలా అమ్మకానికి వచ్చిన వాటిలో జీపు వెనుక లాగే చిన్న రెండు చక్రాల ట్రైలర్‌ను కొని, దానికి మూత, గుడారం, వంట అర, నీటి ట్యాంకు అమర్చి, రోడ్డు లేని అడవుల్లోనూ ఎడారుల్లోనూ రాత్రి బసకు పనికివచ్చే బండిగా తీర్చిదిద్దుకోవడం ఆ దేశంలో ఇంటి షెడ్లలో సాగే ఒక పనితనంగా పెరిగింది. చూపరుల కన్ను గుడారం మీదా పొయ్యి మీదా పడుతుంది కాని, పని తెలిసినవారు మొదట చూసేది ట్రైలర్‌కూ దానిని లాగే వాహనానికీ పొత్తు కుదిరిందా లేదా అన్నది. ఎత్తు, చక్రాల ఎడం, విద్యుత్తు, బరువు అనే నాలుగింటిలో ఏ ఒక్కటి పొసగకపోయినా మిగిలిన అలంకారమంతా వృథా శ్రమే అవుతుంది.

ఈ ట్రైలర్ల కథ జీపు కథతోనే మొదలవుతుంది. 1940లో జీపు తొలి నమూనాను తయారుచేసి సైన్యానికి అందించినది పెన్సిల్వేనియా రాష్ట్రం బట్లర్ పట్టణంలోని అమెరికన్ బాంటమ్ కంపెనీయే అయినా, లక్షల సంఖ్యలో జీపులు తయారుచేసే అవకాశం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు దక్కడంతో, బాంటమ్ ఆ జీపుల వెనుక లాగే పావు టన్ను ట్రైలర్ల తయారీకి మళ్లింది. తరువాతి దశాబ్దాల్లో ఎం100, వియత్నాం యుద్ధకాలపు ఎం416 అదే వంశంలో వచ్చాయి. ముప్పావు టన్ను మోసే ఎం101, హమ్వీ వాహనాల కోసం అల్యూమినియంతో చేసిన ఎం1101, ఎం1102 వాటికి పెద్దన్నల వంటివి. విడిది బండ్లు కట్టేవారు ఎక్కువగా కోరుకునేది మాత్రం ఎం416నే, ఎందుకంటే చిన్న జీపు సైతం దానిని సునాయాసంగా లాగగలదు.

ఎం416 రూపం చాలా సాదా: ఉక్కు రేకుతో చేసిన లోతైన తొట్టి, దాని కింద ఒకే ఇరుసు, ముందు త్రికోణాకారపు నొగ, నొగ చివర ఉక్కు కడియం, విప్పి నిలబెట్టినప్పుడు ఆనడానికి ఒక కాలు. వాగులు దాటేటప్పుడు నీటిపై తేలాలన్న ఉద్దేశంతో తొట్టిని నీరు చొరని విధంగా కట్టి, లోపల చేరిన నీటిని వదలడానికి అడుగున బిరడాలు పెట్టారు, ఆ కారణంగానే దీనికి వెనుక తలుపు లేదు.

మొదట మార్పు కోరేది తగిలింపు. సైనిక వాహనానికి వెనుక పింటిల్ అనే దవడ వంటి కొక్కెం ఉంటుంది. ట్రైలర్ కడియం అందులో పడి, పైదవడ మూసుకుంటుంది. ఎగుడుదిగుడు నేల మీద ట్రైలర్ ఒక పక్కకు ఎంత ఒరిగినా ఈ జోడింపు బిగుసుకుపోదు గాని, కడియానికీ కొక్కానికీ మధ్య ఉన్న వదులు వల్ల తారురోడ్డు మీద అది నిరంతరం లొడలొడలాడుతుంది. మామూలు కార్ల వెనుక ఉండే గుండు తగిలింపు నిశ్శబ్దంగా ఉంటుంది, అయితే ఒరుగుడు ఒక హద్దు దాటితే పట్టేస్తుంది. కొండదారులకు వెళ్లేవారు అందుకే ఈ రెండింటినీ కాదని, మూడు దిశల్లోనూ తిరగగల కీళ్ల తగిలింపును నొగకు బిగిస్తారు. తారురోడ్డు దాటని వారికి దాని ఖర్చు అనవసరం.

చక్రాల సంగతి ఇంతకన్నా ఆసక్తికరమైనది. ఎం416 చక్రానికి 5 బోల్టులు 5.5 అంగుళాల వలయంలో ఉంటాయి, పాత సీజే జీపుల చక్రాలదీ అదే కొలత కాబట్టి ఒక్క స్టెప్నీ రెండింటికీ సరిపోయేది. 2007 తరువాతి రాంగ్లర్ జీపుల్లో ఆ వలయం 5 అంగుళాలే, పైగా వాటి చక్రాల మధ్య ఎడమూ ఎక్కువ. అందువల్ల చాలామంది హబ్బులనో, ఏకంగా ఇరుసునో మార్చి, లాగే వాహనం టైర్లనే ట్రైలర్‌కూ వేస్తారు. స్టెప్నీ కలవడం ఇందులో ఒక లాభం మాత్రమే. రెండింటి ఎడం సమానమైతే ఇసుకలోనూ బురదలోనూ జీపు చేసిన గాడిలోనే ట్రైలర్ చక్రాలు నడుస్తాయి, లేకుంటే అవి తమ గాడిని తామే కొత్తగా తొక్కుకోవలసివచ్చి ఇంజనుపై భారం పెరుగుతుంది. ఇక ట్రైలర్ ఇరుసుకు బిగించిన కమాను పట్టీలు నిండు బరువు కోసం చేసినవి కనుక తేలిక సరుకుతో వెళ్లే ట్రైలర్ రాళ్ల మీద బంతిలా ఎగురుతుంది. దీనికి విరుగుడుగా ఒకటి రెండు పట్టీలు తీసివేస్తారు, ఎత్తు చాలనప్పుడు ఇరుసు కింద ఉన్న కమానును ఇరుసు పైకి చేరుస్తారు.

1950ల నుంచి అమెరికా సైనిక వాహనాలు 24 వోల్టుల విద్యుత్తుతో నడుస్తాయి, పౌర వాహనాలు 12 వోల్టులతో. కాబట్టి పాత వైరింగు, శత్రు విమానాలకు కనబడకుండా మినుకుమనే దీపాలు, సైనిక ప్లగ్గు అన్నీ తీసి కొత్తవి వేయడమే తక్కువ శ్రమ. ఎర్త్ కోసం తగిలింపు ఇనుమును నమ్ముకోకుండా ప్రత్యేకంగా వైరు లాగడం మంచిది, ఎందుకంటే దీపాలు వెలిగీ వెలగనట్టుండే తంటాల్లో చాలా భాగం అక్కడే పుడుతుంది.

తుప్పు గీకడానికి తొందరపడేవారు గమనించని అపాయం రంగులో ఉంది. 1980ల నుంచి సైన్యం వాడుతున్న, రసాయనాయుధాల విషాన్ని పీల్చుకోని ప్రత్యేక రంగు కింద క్రోమియం లవణాలు కలిసిన అస్తరు ఉండవచ్చు, అంతకు ముందటి రంగుల్లో సీసం ఉండవచ్చు. వాటి ధూళి ఊపిరితిత్తులకు చేటు కనుక, ముక్కుకు గుడ్డ కట్టుకోవడంతో సరిపెట్టక తగిన మాస్కు ధరించి, తడిపి రుద్దాలి.

తొట్టి వెనుక గోడను కోసి తలుపు పెట్టి, అందులోంచి బయటికి జారే వంట అరను అమర్చడం అందరూ ముచ్చటపడే మార్పు. అయితే తొట్టి బిగువంతా దాని పై అంచులో ఉంటుంది; కోయబోయే చోటు చుట్టూ ముందుగా ఇనుప చట్రం వెల్డింగ్ చేయకుండా అంచును తెంచితే గోడలు విచ్చుకుంటాయి. ఇంత తంటా ఎందుకని కొందరు గోడను ముట్టుకోకుండా, పై మూతకే గ్యాస్ స్ట్రట్లు వేసి పక్కనుంచి సామాను తీస్తారు, ఈ రెండో పద్ధతే మేలైనదని చెప్పాలి, దానివల్ల నీరు చొరని గుణం చెడదు. ఆ గుణమే వంటగ్యాసు విషయంలో ప్రమాదకరం: ప్రొపేన్ గాలికన్నా బరువైనది, కారితే తొట్టి అడుగున మడుగు కట్టి నిలుస్తుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. సిలిండర్‌ను నొగ మీద, బయటి గాలిలో బిగించాలనే నియమం అక్కడి నుంచి వచ్చింది.

కాగితాల గొడవ కొనే ముందే తేల్చుకోవలసినది. సైనిక వస్తువుల విక్రయాన్ని చూసే ప్రభుత్వ విభాగం నుంచి వచ్చిన ట్రైలర్‌కు ఎస్ఎఫ్-97 అనే పత్రం ఉంటే రాష్ట్ర ప్రభుత్వం దగ్గర యాజమాన్య హక్కు నమోదు సులువవుతుంది. చేతులు మారుతూ పత్రం పోగొట్టుకున్న ట్రైలర్ చవకగా దొరికినా నమోదుకు తిప్పలు తప్పవు.

చివరికి మిగిలేది బరువు, అత్యాశ బయటపడేదీ అక్కడే. పావు టన్ను అంటే 500 పౌండ్లు, సుమారు 227 కిలోలు. చదునైన రోడ్డు మీద ఇంకొంత మోయడానికి అనుమతి ఉన్నా, రోడ్డు వదిలిన చోట ఎం416కు లెక్క ఇదే. 80 లీటర్ల నీరు 80 కిలోలు, పైన బిగించే గుడారం 60, బ్యాటరీ 30, ఫ్రిజ్జు 25, పెట్రోలు నింపిన రెండు 20 లీటర్ల జెర్రీ డబ్బాలు 40 కిలోలు అనుకుంటే, మూత, పొయ్యి, పరుపు, తిండి ఎక్కకముందే హద్దు దాటిపోయింది. ఎక్కించిన బరువు ఎక్కడ ఉందన్నదీ అంతే ముఖ్యం: ఎద్దుబండిలో వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచినట్టే, ఇక్కడ నొగ మీద చాలినంత భారం లేకపోతే వేగంలో ట్రైలర్ పక్కలకు ఊగి వాహనాన్నే ఈడ్చివేస్తుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం నొగ మీద పడేలా నీటి ట్యాంకును ఇరుసుకు కాస్త ముందుగా అమర్చి, తొలి ప్రయాణానికి ముందు నిండు సామానుతో వేబ్రిడ్జి మీద నిలబెట్టి తూచుతారు. లెక్క మించిందని తేలితే నీటిని తగ్గించడం మంచిది కాదు, ముందుగా దిగవలసింది ఫ్రిజ్జే.