మోయ్ ఒడ్డు బడి, మూసీ ఎగువ క్యాంపు

శంకర్‌పల్లి మండలం దొంతన్‌పల్లిలో ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయం వెలిశాక ఆ ఊరి పేరు దేశం నలుమూలల విద్యార్థుల చిరునామాల్లోకి ఎక్కింది. డిగ్రీ చేతికొచ్చేలోగా కొన్నాళ్ళు పరాయి దేశంలో ఉచితంగా పాఠాలు చెప్పి రావాలన్న సరదా, సరదా అనకూడదంటే తపన, ఇలాంటి క్యాంపస్‌లలో ఇప్పుడు వింతేమీ కాదు. అలా వెళ్ళేవాళ్ళకు ప్రపంచమంతటా తెలిసిన మజిలీల్లో ఒకటి థాయ్‌లాండ్ పశ్చిమపు అంచున, మోయ్ నది ఒడ్డున ఉన్న మేసోట్. బర్మా నుంచి వచ్చిన వలస కూలీల పిల్లలకు అక్కడ ప్రత్యేకంగా బడులు నడుస్తున్నాయి. కాగా దొంతన్‌పల్లి ఉన్న రంగారెడ్డి జిల్లాకు కూడా, బడి బయటి పిల్లల విషయంలో, తనదైన స్వచ్ఛంద సేవా సంప్రదాయం ఒకటుంది. మూసీ ఎగువన చేవెళ్ల, మొయినాబాద్ వైపు పాతతరం పంతుళ్ళకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది.

రెండింటి పుట్టుకలోనూ ఒక స్త్రీ ఉంది. 1988లో సైనిక పాలన మీద బర్మా జనం తిరగబడి చెదిరిపోయినప్పుడు సరిహద్దు దాటి వచ్చినవాళ్ళలో కరెన్ జాతి వైద్యురాలు సింథియా మౌంగ్ ఒకరు. 1989లో ఆమె మేసోట్‌లో మే తావ్ క్లినిక్ తెరిచారు. క్లినిక్ సిబ్బంది పిల్లల కోసమని 1995లో మొదలైన చదువు క్రమంగా చిల్డ్రన్స్ డెవలప్‌మెంట్ సెంటర్ అనే పెద్ద బడి అయింది. అలాగే ఇక్కడ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చెప్పే శాంతా సిన్హా వెట్టికూలీల మధ్య పనిచేస్తూ వాళ్ళ పిల్లల దాకా వచ్చారు. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేర 1981లో పెట్టిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి పల్లెల్లో బాలకార్మికుల పని చేపట్టింది. 2002లో సింథియా మౌంగ్‌కూ, మరుసటి ఏడు శాంతా సిన్హాకూ మెగసెసే పురస్కారం వచ్చింది. రెండూ ఒకే విభాగం, సామాజిక నాయకత్వం. మనీలా న్యాయనిర్ణేతలకు ఈ ఇద్దరిలో ఏ పోలిక కనిపించిందో గానీ, వాళ్ళు కట్టిన బడులు మాత్రం ఒకదానికొకటి ఎదురుముఖంగా నిలబడ్డాయి.

మేసోట్ బడి వేరుగా ఉండటమే దాని ధర్మం. తల్లిదండ్రులు బట్టల ఫ్యాక్టరీల్లోనో, చెరకు, మొక్కజొన్న చేలల్లోనో పనిచేస్తారు. పిల్లలకు ఇంట్లో బర్మీస్, కరెన్ భాషలే తప్ప థాయ్ రాదు. ఎప్పటికైనా ఏరు దాటి వెనక్కి పోతామన్న ఆశ పెద్దవాళ్ళది. అందుకే మేసోట్ ఉన్న తాక్ ప్రావిన్సులో అరవై పైచిలుకు ‘లెర్నింగ్ సెంటర్లు’ తమ భాషలో, తమ పాఠ్యక్రమంతో, దాతల డబ్బుతో నడుస్తూ వచ్చాయి. 2005లో థాయ్ మంత్రివర్గం కాగితాలు లేని పిల్లలకూ సర్కారు బడి తలుపు తెరిచింది. జి అక్షరంతో మొదలయ్యే నంబరు ఇచ్చి చేర్చుకుంటారు. తలుపు తెరిచినా భాష గడప అలాగే ఉంది. 2021 ఫిబ్రవరి 1న మళ్ళీ సైన్యం అధికారం గుంజుకున్నాక వెనక్కి పోయే దారీ మూసుకుపోయినట్టే అయింది.

రంగారెడ్డిలో ఎం.వి. ఫౌండేషన్ నడిపిన క్యాంపుకు వేరుగా ఉండటమే నేరం. పశువులు కాసే పిల్లవాడికీ, జీతానికి కుదిరిన పిల్లవాడికీ రాత్రిబడి పెట్టి చదువు చెప్పామనిపించుకోవడం అప్పటికి ప్రభుత్వాలకూ, సేవాసంస్థలకూ అలవాటు. ఎం.వి. ఫౌండేషన్ దాన్ని ఒప్పుకోలేదు. బడికి పోని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అంది. పొలంలో తల్లి వెనక తిరిగే ఆడపిల్లనూ ఆ లెక్కలోనే వేసింది. పగటిపూట నడిచే మామూలు సర్కారు బడి తప్ప ఇంకో బడి బడే కాదంది. కొన్ని నెలలుండి పెద్ద తరగతిలో కూర్చునే శక్తి తెచ్చుకుని వెళ్ళిపోవడానికే బ్రిడ్జికోర్సు క్యాంపు. అంటే అక్కడ బడి ఎంతకాలం నిలబడితే అంత విజయం, ఇక్కడ క్యాంపు ఎంత త్వరగా ఖాళీ అయితే అంత విజయం.

ఇంత ఎదురుముఖంగా ఉన్నవాటికి బంధుత్వం ఎక్కడంటే, పన్నెండేళ్ళ పిల్ల దగ్గర. అక్షరం రాని పన్నెండేళ్ళ పిల్లను ఆరేళ్ళవాళ్ళ పక్కన ఒకటో తరగతిలో కూర్చోబెడితే మూడోరోజు కనిపించదు. మేసోట్ పంతులమ్మకూ తెలుసు, ఇక్కడి క్యాంపు కార్యకర్తకూ తెలుసు. వయసుకు తగ్గ గౌరవమిచ్చి, తప్పిపోయిన ఏళ్ళను వేగంగా పూరించే పద్ధతి ఇద్దరూ ఎవరికివారే కనిపెట్టుకున్నారు. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చెప్పేది కూడా ఇదే. పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. చట్టానికి ఆ భాష రాకముందే దాన్ని ఆచరించిన ఊళ్ళు ఈ జిల్లాలో ఉన్నాయి.

స్వచ్ఛంద కార్యకర్త సంగతికి వస్తే పోలిక మళ్ళీ చీలుతుంది. మేసోట్‌కు వచ్చేవాడు అమెరికా నుంచో, ఐరోపా నుంచో, జపాన్ నుంచో వస్తాడు. ఇంగ్లీషు చెబుతాడు, వీసా అయిపోగానే వెళ్తాడు. జీతం పుచ్చుకోకపోయినా థాయ్ చట్టం దృష్టిలో అది పనే, దానికీ అనుమతి కావాలన్న సంగతి చాలామంది పట్టించుకోరు. కాగా రంగారెడ్డి కార్యకర్త పక్క ఊరివాడు. వాడి ఇంట్లో చదువు వాడితోనే మొదలై ఉంటుంది. పిల్లవాడు ఎవరి దగ్గర జీతానికున్నాడో, తండ్రి ఎంత అడ్వాన్సు తీసుకున్నాడో, సర్పంచి ఎవరి మాట వింటాడో వాడికి తెలుసు. వాడి పనిలో పాఠం సగమే. మిగతా సగం అరుగుల మీద కూర్చుని నచ్చజెప్పడం. సర్కారు టీచర్లు కూడా బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఆ పనిలో కలిశారు.

రెండు వారాలకు వచ్చి పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగి వెళ్ళే విదేశీ సేవ మీద నాకు పెద్దగా గౌరవం లేదు. అయినా ఆ కోపంతో మేసోట్ ఇంగ్లీషు పాఠాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. అక్కడి బడుల సర్టిఫికెట్టుకు బయట విలువ తక్కువ. జీఈడీ అనే అమెరికన్ పరీక్ష ఇంగ్లీషులో రాసి నెగ్గితే థాయ్ విశ్వవిద్యాలయాల ఇంటర్నేషనల్ కోర్సులకు దారి దొరుకుతుంది. కాబట్టి ఇంగ్లీషు బాగా వచ్చి, విద్యాసంవత్సరం మొత్తం ఉండగల పరాయివాడు అక్కడ నిజంగా పనికొస్తాడు. అదే మనిషిని 1991లో రంగారెడ్డి పల్లెలో దించితే ఏం చేసేవాడు? తండ్రిని ఒప్పించలేడు, ఆసామితో మాట్లాడలేడు. పిల్లకు అడ్డం అక్కడ కాగితం, భాష. ఇక్కడ ఊరి ఒప్పుదల. ఎవరు వెళ్ళాలన్నది ఆ అడ్డాన్ని బట్టి తేలాలి గానీ వెళ్ళేవాడి ఉత్సాహాన్ని బట్టి కాదు.

ఇక్కడో పక్కమాట. బర్మాలో వలసకూలీగా ఒకప్పుడు ఉన్నది మనవాళ్ళే. కోస్తా జిల్లాల నుంచి మేస్త్రీల అడ్వాన్సు తీసుకుని రంగం, అంటే రంగూన్, వెళ్ళిన తెలుగు కూలీలను కోరంగీలన్నారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో వాళ్ళ మీద దాడులు జరిగాయి. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు కొందరు కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. 1962 తర్వాత నే విన్ పాలన మిగతావాళ్ళలో చాలామందిని విశాఖ ఓడెక్కించింది. మావ్లమైన్ ప్రాంతంలో ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. మేసోట్ పిల్ల కథ మనకు దూరపు కథ అనుకోవడానికి వీల్లేదు.

పోలిక కలిసేది మాత్రం మన గుమ్మం ముందే. హైదరాబాద్ చుట్టూ ఇటుకబట్టీలకు పశ్చిమ ఒడిశా నుంచి కుటుంబాలు కదిలివస్తాయి, ఎండాకాలం దాటగానే వెనక్కి పోతాయి. వాళ్ళ పిల్లవాణ్ణి మన సూత్రం ప్రకారం నేరుగా తెలుగు బడిలో వేస్తే వాడికి అర్థమయ్యేది శూన్యం. ఒడియా పుస్తకాలూ, ఒడియా పంతులూ తెచ్చి బట్టీ దగ్గరే బడి నడిపినచోట వాడు నిలిచాడు. అది అచ్చంగా మేసోట్ పద్ధతే. మళ్ళీ రంగారెడ్డి జిల్లాలోనే, బాలాపూర్ బస్తీల్లో, బర్మా నుంచే తరిమివేతకు గురైన రోహింగ్యా కుటుంబాలు పదేళ్ళకు పైగా ఉంటున్నాయి. ఆ పిల్లలకు తిరిగి వెళ్ళే ఊరు కనుచూపు మేరలో లేదు. వాళ్ళకు కావలసింది విడిగా ఒక షెడ్డు కాదు, పక్కనున్న సర్కారు బడి. అది రంగారెడ్డి పద్ధతి. ఒడియా పిల్లకు మేసోట్, బర్మా పిల్లకు రంగారెడ్డి! రెండు పద్ధతుల్లో ఏది గొప్పదని వాదించేవాళ్ళు ఈ జిల్లాలోనే ఓ పూట తిరిగితే చాలు.

దొంతన్‌పల్లి క్యాంపస్ విద్యార్థులకు నా మాట ఒకటే. మేసోట్ వెళ్ళండి, వెళ్తే విద్యాసంవత్సరం పొడుగునా ఉండేట్టు వెళ్ళండి. అంత వ్యవధి లేనివాళ్ళు బాలాపూర్ వెళ్ళండి. విద్యాహక్కు చట్టం పౌరుల పిల్లలని అనలేదు, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ప్రతి పిల్లా అంది. వయసు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని పద్నాలుగో సెక్షన్ చెబుతోంది. జూన్‌లో సర్కారు బడుల్లో పిల్లల్ని చేర్చే బడిబాట మొదలవుతుంది. ఆ సెక్షన్ కాపీ ఒకటి జేబులో పెట్టుకుని, హెడ్‌మాస్టర్ గది దాకా ఒక తల్లికి తోడు వెళ్ళండి.