‘థ’లో చుక్క

మధ్యాహ్నం మూడు దాటిందంటే ‘థ’ కడుపులోని చుక్క కరిగిపోవడం మొదలవుతుంది. అది పోతే ‘కథ’, ‘కధ’ ఒకటే. ఎక్కడ ‘అర్థం’ ఉందో, ఎక్కడ ‘అర్ధం’ ఉందో వాక్యాన్ని బట్టి ఊహించుకోవాల్సి వస్తుంది. ప్రూఫులు దిద్దే మనిషి ఊహించుకోవడం మొదలుపెడితే పని చెడినట్టే. ఉన్నది ఉన్నట్టు చూడటమే మా వృత్తికి పెట్టుబడి. మెదడుకేమో ఉండాల్సింది చూపించే అలవాటు. కళ్లు బాగున్నంతసేపు ఆ అలవాటును అదుపులో పెట్టుకోగలం. కళ్లు అలిశాయా, పగ్గాలు దాని చేతికి పోతాయి. అందుకే కంటి సుఖం గురించి మాట్లాడటం నాకు ఒంటి సుఖం గురించి మాట్లాడటం కాదు. పని నాణ్యత గురించి మాట్లాడటం.

ప్రూఫులు ట్యాబు మీదకు మారి చాలా ఏళ్లయింది. పబ్లిషర్లు పేజ్‌మేకర్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో పేజీలు కట్టించి, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపిస్తారు. స్టైలస్‌తో దాని మీదే గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను. కొరియర్ లేదు, కాగితాల కట్టలు లేవు. ట్యాబు మీద నాకు ఫిర్యాదు లేదు, ఇష్టమే ఉంది. డెమ్మీ 1/8 పుస్తకం పేజీ పదకొండు అంగుళాల తెర మీద అచ్చులో ఉండే కొలతకు దగ్గరగా కనిపిస్తుంది. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్ తెరలో అంగుళానికి 132 చుక్కలు ఉండేవి. 2012లో వచ్చిన మూడో ఐప్యాడ్‌లో అవి 264 అయ్యాయి. ఇంగ్లిషు చదివేవాళ్లకు అది ముచ్చట అయితే కావచ్చు, వత్తుల కింద వత్తులు రాసుకునే మనకు మాత్రం అది అవసరం.

అయినా సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు గరగర. కనుబొమల మధ్య లాగుడు. తల ఎత్తి ఎదురు గోడ మీది క్యాలెండర్ చూస్తే తేదీలు కాసేపు అలుక్కుపోయినట్టు ఉండి, ఆ తర్వాత తేరుకుంటాయి. ఇవన్నీ కలిసే వస్తాయి కాబట్టి ఒకే జబ్బు అనుకుంటాం. కాదు. మంట సంగతి వేరు, మసక సంగతి వేరు.

మంటకు మూలం రెప్ప. మామూలుగా కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నప్పుడు నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. తెరలో లీనమైతే అది సగానికి, కొందరికి ఇంకా తక్కువకు పడిపోతుంది. పడిన రెప్ప కూడా పూర్తిగా పడదు, సగం దిగి వెనక్కి పోతుంది. కంటి మీద ఎప్పుడూ ఒక తడి పొర ఉంటుంది: అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన పలచటి నూనె. ఆ నూనె రెప్పల అంచుల్లో ఉన్న సన్నటి గ్రంథుల నుంచి వస్తుంది. పై రెప్ప వచ్చి కింది రెప్పను తాకినప్పుడే అది కంటినిండా పరుచుకుంటుంది. పరుచుకోకపోతే కింద ఉన్న నీరు ఆవిరైపోతుంది. పైన సీలింగ్ ఫ్యాను గిర్రున తిరుగుతుంటేనో, ఎదురుగా ఏసీ గాలి మొహాన కొడుతుంటేనో ఇక చెప్పక్కర్లేదు. మే నెలలో ఫ్యాను ఆపి పనిచేయమని ఎవరినీ అడగలేం. కుర్చీ జరుపుకుని, గాలి మొహానికి కాకుండా వీపుకు తగిలేలా కూర్చోవచ్చు. నేను చేసుకున్న మార్పుల్లో పైసా ఖర్చు లేనిదీ, అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసిందీ ఇదే.

ఈ విషయంలో కంప్యూటర్ మానిటర్ కన్నా ట్యాబే నయం. మానిటర్‌ని ఎదురుగా చూస్తాం, కళ్లు బాగా విప్పారి ఉంటాయి. ట్యాబు వైపు చూపు కిందికి దిగుతుంది, దాంతో పాటు పై రెప్పా కొంత దిగుతుంది. గాలికి తెరుచుకునే మేర తగ్గుతుంది. అందుకే ట్యాబును స్టాండు మీద కళ్ల ఎత్తుకు లేపడం నాకు నచ్చదు. అలాగని ఒళ్లో పడుకోబెడితే మెడ విరుగుతుంది. కొద్దిగా ఏటవాలుగా నిలబడితే చాలు. పాతకాలం కొట్లలో గుమాస్తాలు ముందు పెట్టుకుని పద్దులు రాసిన వాలు పెట్టె ఇంట్లో మిగిలి ఉంటే, ట్యాబుకు అంతకన్నా మంచి పీఠం దొరకదు.

ఇక మసక. కంట్లో కటకం చుట్టూ ఉన్న కండరం దూరం చూసినప్పుడు వదులుగా ఉంటుంది, దగ్గర చూసినప్పుడు బిగుస్తుంది. 40 సెంటీమీటర్ల దూరంలో చదివితే కంటికి రెండున్నర డయాప్టర్ల పని. అదే 25కు లాక్కుంటే నాలుగు. దానికి తోడు రెండు కళ్లూ ముక్కు వైపు తిరిగి నిలబడాలి. క్యాలెండర్‌లో తేదీలు తేరుకోవడానికి పట్టే ఆ కాసేపు, గంటల తరబడి బిగిసిన కండరం సడలడానికి పట్టే సమయం. నలభై దాటినవాళ్లకు కటకం కూడా గట్టిపడుతుంది, చత్వారం వస్తుంది. అద్దాలు రాయించుకుంటాం. అక్కడితో అయిపోయిందనుకుంటాం.

“మీరు ట్యాబు ఎలా పట్టుకుంటారో ఒకసారి చూపించండి మేడమ్,” అంది కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించే అమ్మాయి. అంతకుముందు ఎవరూ ఆ మాట అడగలేదు, అట్ట చేతికిచ్చి చదవమనేవారు. సంచిలోంచి ట్యాబు తీసి, రోజూ కూర్చున్నట్టే కూర్చున్నాను. ఆ అమ్మాయి టేపు తెచ్చి నా కంటి పక్క నుంచి తెర దాకా పట్టి చూసింది. 52 సెంటీమీటర్లు.

“మీ అద్దాల్లో దగ్గర పవర్ 40కి రాసి ఉంది. పైగా ప్రోగ్రెసివ్. చూపు కుదిరే చోటు కోసం గడ్డం ఎలా ఎత్తుతున్నారో చూడండి. మెడ నొప్పి ఉందా?”

“ఉందమ్మా. వయసుతో వచ్చిందనుకున్నాను.”

“ఈ ఒక్క దూరానికే వేరే జత చేయించుకోండి. ఇంట్లో, పని బల్ల దగ్గరే ఉంచుకోండి. వాటితో మెట్లు మాత్రం దిగకండి.”

ప్రోగ్రెసివ్ అద్దంలో దగ్గర చూపుకు దక్కేది కింద ఇరుకైన జాగా. బజారులో ధర చీటీ చదవడానికి అది చాలు. పేజీ ఈ చివరి నుంచి ఆ చివరికి పంక్తి వెంట వెళ్లాలంటే తల తిప్పుతూ ఉండాలి. కొత్త జతలో అద్దమంతా ఒకటే పవర్. మెడ నొప్పి వారం తిరక్కుండా తగ్గింది. ట్యాబుతో ఎక్కువ పని ఉన్నవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే: పరీక్షకు వెళ్లేటప్పుడు ట్యాబు వెంట తీసుకెళ్లండి. మీరు పట్టుకునే దూరం ఎంతో కొలవమని అడగండి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటివెలుగు శిబిరాలు మొదలైనప్పుడు లక్షల మందికి చదువుకునే అద్దాలు అందాయి. అన్నాళ్లూ అద్దాలు లేకుండానే నెట్టుకొచ్చినవాళ్లు ఎందరున్నారో అప్పుడు తెలిసింది. ఇవాళ అలాంటివాళ్ల చేతుల్లోనూ తెరలున్నాయి. కళ్లు లాగితే తప్పు తెరదే అంటున్నారు.

తెరను తిట్టడానికి అందరికీ దొరికిన మాట నీలి కాంతి. కళ్లజోళ్ల దుకాణానికి వెళ్తే ఫ్రేము ఎంచుకోక ముందే ‘బ్లూ కట్ వేయమంటారా?’ అని అడుగుతారు. 2023లో కోక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి సమీక్షించింది. కంటి అలసట తగ్గించడంలో ఆ అద్దాలకూ మామూలు అద్దాలకూ బహుశా తేడా లేదని, కనీసం కొద్దికాలం వాడకంలో కనిపించలేదని తేల్చింది. కారణం పైన చెప్పుకున్నదే. రెప్ప పడకపోవడం, కండరం బిగుసుకుపోవడం, ఈ రెండూ రంగు వల్ల వచ్చినవి కావు. రాత్రిపూట తెరను పసుపు చేసుకుంటే చూడటానికి హాయిగా ఉంటుంది, నేనూ చేసుకుంటాను. ఆ హాయిని మందు అనుకోకూడదు. బ్లూ కట్ కోసం పెట్టే అదనపు డబ్బుతో కంటి పరీక్ష చేయించుకోవడం మేలు.

నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కూడా అలాంటి మోజే. నల్ల తెరకు కంటిపాప విప్పారుతుంది. విప్పారిన కొద్దీ చూపులో పదును తగ్గుతుంది. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకు తెల్ల గీతల చుట్టూ మెరుపు చిమ్ముతుంది. గీతలూ కోణాలూ ఎక్కువున్న లిపులైతే ఎలాగో ఓర్చుకుంటాయేమో. మన అక్షరాల్లో సగం సున్నాలూ వంపులే. ఆ చిమ్మిన వెలుగులో ‘ఘ’, ‘ఝ’ పూడుకుపోతాయి. తెల్ల తెర, నల్ల అక్షరం, గదిలో ఎంత వెలుగుందో తెరలో అంతే వెలుగు. ప్రూఫులకు ఇంతకు మించిన ఏర్పాటు లేదు. పేజీ పక్కన తెల్ల కాగితం పెట్టి చూడండి. తెర దీపంలా వెలుగుతుంటే తగ్గించాలి, బూడిద రంగులో ఉంటే పెంచాలి. నెత్తి మీది ట్యూబులైటు తెరలో కనపడకుండా ట్యాబును తిప్పుకోవాలి.

అక్షరం ఎంత పెద్దది ఉండాలన్నది తెలుగులో విడిగా ఆలోచించాల్సిన సంగతి. అందరూ అక్షరాన్ని చూసి సైజు పెడతారు. నేను వత్తును చూసి పెడతాను. ‘స్వాతంత్ర్యం’లో త కింద రెండు వత్తులున్నాయి. ‘మత్స్యం’, ‘లక్ష్మి’ చూడండి. పైనున్న అక్షరం 13 పాయింట్లలో దర్జాగా నిలబడి ఉంటుంది, కిందున్నది దానిలో సగం కూడా ఉండదు. ఆ సగమే తప్పులకు పుట్టిల్లు. అందుకని పని మొదలుపెట్టే ముందు పేజీలో అన్నిటికన్నా కిక్కిరిసిన మాట ఒకటి వెతుకుతాను. కళ్లు చిట్లించకుండా దాని అడుగు వత్తు తేటగా కనిపించేదాకా పేజీ పెద్దది చేస్తాను. నిలువు పేజీ ఇమడకపోతే ట్యాబును అడ్డంగా తిప్పి సగం సగం చదువుతాను. పంక్తుల మధ్య ఎడం తక్కువుంటే, పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులను గుద్దుకుంటుంటే, డీటీపీ చేసినవాళ్లకే ఫోన్ చేసి ఎడం పెంచమంటాను. అది పాఠకుడి కళ్ల కోసం కూడా.

ఇన్ని చేసుకున్నా ఒకటి మిగిలే ఉంటుంది. అదే అసలు సంగతి.

కాగితం రోజుల్లో ఈ పనిలో విరామాలు వాటంతట అవే ఉండేవి. గ్యాలీలు వచ్చేవి, చదివి ఇస్తే కుర్రాడు తీసుకెళ్లేవాడు, దిద్దుబాట్లయ్యి మళ్లీ వచ్చేదాకా చేతులు ఖాళీ. పేజీలు కట్టాక పుస్తకం ఫారాల వారీగా వచ్చేది, ఫారానికి 16 పేజీలు. పత్రికాఫీసుల్లో కాపీ హోల్డర్ అని ఇంకో మనిషి ఉండేవారు. వారు రాతప్రతి పైకి చదువుతుంటే ప్రూఫు రీడరు అచ్చులో చూసుకునేవారు. ‘ఇక్కడ కామా’, ‘పేరా’, ‘థ, చుక్క థ’ అని చెవికి చెప్పేవారు. చూపు రాతప్రతికీ ప్రూఫుకీ మధ్య పరుగెత్తే పని తప్పేది. ఎవరూ కళ్ల ఆరోగ్యం కోసం చేసిన ఏర్పాట్లు కావు ఇవి. సీసం అక్షరాలతో పని అంతకన్నా వేగంగా నడవదు కాబట్టి అలా ఉండేవి. ట్యాబు ఆ సందులన్నీ మూసేసింది. 300 పేజీలు ఒక్క ఫైలుగా వచ్చి పడతాయి. వేలు జరిపితే తర్వాతి పేజీ, జరపడమే తప్ప ఆగేందుకు కారణం ఉండదు. కళ్లు అలిసేది తెర వెలుగు వల్ల కన్నా ఈ ఎడతెగకపోవడం వల్లనేనని నా నమ్మకం.

ఈ బాధ తెరతో పుట్టింది కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ వృత్తులు తెచ్చిపెట్టే జబ్బుల మీద 1700లో పుస్తకం రాశాడు. సన్నపని చేసే కంసాలుల, గడియారాల పనివాళ్ల కళ్లు ఎలా దెబ్బతింటాయో అందులో ఉంది. 1713 కూర్పులో అచ్చు పనివాళ్లనూ లేఖకులనూ చేర్చాడు. సన్నపనివాళ్లకు ఆయన చెప్పిన ఉపాయం, వంచిన తల ఎత్తి, పని మీది నుంచి చూపు మరల్చి, రకరకాల వస్తువుల మీద తిప్పమని. ఇప్పటి కంటి డాక్టర్లు ప్రతి 20 నిమిషాలకూ 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమంటారు. గుర్తుండటానికి బాగుంది. 20 అనే అంకెలో మహిమ ఏమీ లేదు, 20 అడుగుల దూరం చూస్తే కండరం వదులవుతుందన్నదే కీలకం. నా గదిలో అంత దూరం లేదు. కిటికీ తెరిస్తే ఎదురింటి మేడ మీది నీళ్ల ట్యాంకు మీద కంపెనీ పేరు ఉంటుంది. పేజీ పూర్తయినప్పుడల్లా ఆ అక్షరాలు తేటపడేదాకా చూసి, రెండుసార్లు నిండుగా రెప్పలు మూసి తెరిచి, అప్పుడు వేలు జరుపుతాను. గడియారం అలారం పెట్టుకుంటే వాక్యం మధ్యలో మోగి విసిగిస్తుంది. పేజీ చివరైతే విసుగు రాదు.

కళ్లు ఎర్రబడి నొప్పి పెట్టినా, ఒకటి రెండుగా కనిపించినా, ఉన్నట్టుండి మెరుపులో నల్లటి చుక్కలో కనబడినా ఈ ఉపాయాలేవీ పనికిరావు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగరు ఉన్నవాళ్లు చూపు రోజుకో తీరుగా ఉందంటే ట్యాబును అనుమానించే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి.

పోయిన విరామాలను మళ్లీ పనిలోకి తెచ్చుకోవడం నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, పంపేవాళ్లూ కలిసిరావాలి. రాత్రి పదింటికి పుస్తకమంతా పంపి పొద్దున్నే కావాలనేవాళ్లున్నారు. ఇప్పుడు పని ఒప్పుకునే ముందే చెబుతున్నాను: పాతకాలంలాగే ఫారం ఫారంగా పంపండి. 16 పేజీలు చూసి పంపాక మిగతా పూట ఇంకో పని చేసుకుంటాను. “ఒకేసారి దగ్గరుంటే మీకే సుఖం కదా మేడమ్?” అన్నారు ఒకాయన. దగ్గరుంటే చదివేస్తానండీ, అదే భయం అన్నాను.

నిఘంటువులూ, పద్యాల పుస్తకాలూ అయితే పైకి చదివే తోడు కూడా కావాలంటున్నాను. ఫోనే చదివిపెడుతుంది కదా అంటారు. మన పుస్తకాలు చాలావరకు అను ఫాంట్లలో కడుతున్నారు. అవి యూనికోడ్ కావు, ఫోనుకు అందులో తెలుగు కనిపించదు. మనిషే చదవాలి. తెలుగు ఎంఏ చేసి పని వెతుక్కుంటున్న పిల్లలు ఉన్నారు, పద్యం తప్పు లేకుండా చదవగలరు. వాళ్లకు గంటకు ఇంత అని లెక్క కట్టి, ఆ ఖర్చు పుస్తకం ఖర్చులోనే వేయమని అడుగుతున్నాను. కొందరు పబ్లిషర్లు ఒప్పుకున్నారు. మిగతావాళ్లను అడుగుతూనే ఉన్నాను.