తేనెరంగు గిన్నె

మా చిన్నమ్మ ఆ గిన్నెను తీసుకోగానే నీళ్లలో ముంచలేదు. పెరట్లోకి తీసుకుపోయి, పొద్దుటి ఎండకు ఎత్తిపట్టి మెల్లగా తిప్పింది. గాజుది తేనెరంగు. దాన్ని పట్టుకున్న మాడు నూనెదీ తేనెరంగే. ఇంట్లో వెలుతురుకు ఏది గాజో ఏది జిడ్డో తెలియదు. ఎండ అవతలి నుంచి పడితే మాత్రం జిడ్డున్న చోట మసక తేలిపోతుంది. "ఈ పక్క చెనిక్కాయ నూనె. అడుగున నీళ్ల సున్నం. ఇవి గరిటె గీతలు" అని మూడు జబ్బులనూ వేలితో చూపించింది. మందు పెట్టే ముందు ఇంత ఓపికగా చూడటమే ఆమె పనితనంలో సగం.

గిన్నె వయసు నాకు గుర్తే. కడప, రాజంపేట, రాయచోటి వైపు కువైట్ మాట వినపడని వీధి తక్కువ. చిన్నమ్మ కూడా అక్కడ ఇళ్లలో వంట చేసింది. 1989లో సెలవుకు వస్తూ చీరల మడతల్లో చుట్టి ఈ గిన్నెను తెచ్చి, కర్నూల్లో ఉన్న మా అమ్మకిచ్చింది. మరుసటేడు ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగాయి. సుమారు 1,70,000 మంది భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. చిన్నమ్మ కట్టుబట్టలతో వచ్చింది. ఆమె కువైట్ సంసారంలో మిగిలిన వస్తువు ఇదొక్కటే. అమ్మ పోయాక, అటక మీద నుంచి దించి నేనే కడపకు పట్టుకొచ్చాను.

ఇది కార్నింగ్ కంపెనీ విజన్స్ గిన్నె. గాజులా కనిపిస్తుంది గానీ నేరుగా పొయ్యి మీద పెట్టొచ్చు. దాని వెనక ఒక కొలిమి కథ ఉంది. అదే కంపెనీలో డోనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్త 1950లలో ఒక గాజు పలకను 600 డిగ్రీల దగ్గర కాల్చబోతే, కొలిమి అదుపు తప్పి 900కు ఎక్కింది. కరిగిపోయి ఉంటుందనుకున్న పలక తెల్లగా, గట్టిగా బయటికొచ్చింది. చేజారి నేల మీద పడినా పగల్లేదు. గాజు లోపల సన్నని స్ఫటికాలు పుట్టాయన్నమాట. విజన్స్‌లో ఆ స్ఫటికాలు వెలుగును అడ్డుకోలేనంత చిన్నవి. వేడికి ఈ గాజు దాదాపు సాగదు, అందుకే మంటకు తట్టుకుంటుంది. దాని మూత మాత్రం వేరే గాజు, దానికి మంట పనికిరాదు.

ముందు జిడ్డు సంగతి. ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్లు, అందులో చాకలి సోడా, చిన్నమ్మ చేతులకు ప్లాస్టిక్ కవర్లు. గిన్నె రాత్రంతా మునిగి ఉండాలి. నేను ఆగలేకపోయాను. స్టీలు పీచు తీసుకుని ఒక పక్క నాలుగు రాపిళ్లు రుద్దేశాను.

"గీకాకు నాయనా. నానల్ల."

మళ్లీ మళ్లీ కాగిన నూనె వార్నిష్‌లా బిగుసుకుంటుంది. పసుపు మరక గాజులో ఇంకదు, ఆ నూనె పొరలోనే ఉంటుంది. సోడా ఆ పట్టును వదిలిస్తుంది గానీ దానికి గంటలు కావాలి. తెల్లవారి చిన్నమ్మ బీరపీచుతో తడిమితే జిడ్డు పొరలుగా లేచి నీళ్లలో తేలింది. బలం పెట్టిన గుర్తే లేదు.

ఆ తర్వాతే పులుపు. ఈ వరుస తప్పకూడదు. జిడ్డు కింద సున్నం ఉంటే పులుపు దాన్ని చేరలేదు. సోడా, పులుపు ఒకేసారి పోస్తే నురుగు బాగా పొంగుతుంది, పని జరుగుతున్నట్టే ఉంటుంది. నిజానికి ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

టబ్బులో సోడానీళ్లు పారబోసి, గిన్నెను అందులోనే ఉంచి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు గిన్నె అడుగు మునిగేదాకా పోసింది. తెల్లపొర మీద సన్నని బుడగలు లేచాయి. నేను టబ్బులోంచి గిన్నె తీసి పక్కనున్న బండ మీద పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ క్షణంలో ఆమెకున్న ఎరుక నాకు పూర్తిగా అర్థమైంది. కడప బండ సున్నపురాయి. బేతంచెర్ల బండా ఆ జాతిదే. నేల కింది ఆ రాతిని కరిగించుకునే మన బోరునీళ్లు పైకొస్తాయి. కాగినప్పుడు ఆ సున్నం విడిపోయి గిన్నెకు గారలా పడుతుంది. గిన్నెలో పొరా, కాలి కింద బండా ఒకటే పదార్థం. పొరను కరిగించే పులుపు బండ నునుపునూ తినేస్తుంది, నల్లబండ మీద తెల్లమచ్చ మిగులుతుంది. మా చిన్నమ్మ రసాయన శాస్త్రం చదవలేదు. నిమ్మకాయలు కోసి కోసి పాడైన బండను చూసి నేర్చుకుంది.

ఇక గరిటె గీతలు. నేను వాటిని గాజుకు పడ్డ గాట్లే అనుకున్నాను. ఆమె నా వేలు పట్టుకుని గోటితో గీయించింది. గోరు ఎక్కడా తట్టుకోలేదు. గాజు కంటే మెత్తనిది గరిటె. అరిగింది అదే, దాని లోహమే బూడిదరంగు గీతలై గాజు మీద మిగిలింది. వంటసోడాను తడిపి ముద్దచేసి, మెత్తని గుడ్డతో గుండ్రంగా రుద్దుతూ పోయింది. ఒక్కో గీతకు చాలాసేపు పట్టింది. ఒకటి చెరిగాకే రెండోదాని దగ్గరికి వెళ్లింది.

తర్వాత నేను రుద్దిన చోటికి నా గోరు తెచ్చింది. అక్కడ తట్టుకుంది.

"ఇది పోదు," అంది. కోపం లేదు ఆ మాటలో.

పిడి అతుకు దగ్గర దారమంత గోధుమరంగు గీత ఒకటి మిగిలింది. సూది మొనతో తీయనా అని అడిగాను. వద్దంది. అంచంతా మరోసారి వేలితో తడిమి, పెచ్చు లేచిందేమో, బీట ఉందేమో చూసుకుంది. ఆ తర్వాతే గిన్నెలో నీళ్లు పోసి, సన్నమంట మీద పెట్టి, స్టవ్ పక్కనే కూర్చుంది. కాసేపటికి అడుగున లేచిన బుడగలు పక్కగోడలోంచి ఒక్కొక్కటిగా కనపడసాగాయి.